కోటు తొడిగిన ఫొటో

అడగకుండానే ఆ మనిషి భుజం మీది తువ్వాలు తీసి, గోడకున్న ఫొటో అద్దం తుడిచాడు.

"ఏమప్పా, మా ఇంటి ఫొటోతో నీకేం పని?" తిప్పమ్మ కసురుకుంది.

"దుమ్ము పట్టిండాదక్కా. మొగం సరిగ్గా కనపళ్ళేదు."

పేరు దాసప్ప అన్నాడు. బెంగళూరు దగ్గర దిక్కులేని వాళ్ళుండే ఒక ఆశ్రమం నుంచి వచ్చానన్నాడు. విడపనకల్లు చుట్టుపక్కల, పనికిపోయి తిరిగిరాని మగవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతున్నాడట. చేతిలో ఏ కార్డూ లేదు.

తిప్పమ్మ భర్త కదిరప్ప బేల్దారి పనికని బెంగళూరు రైలెక్కి పదకొండేళ్ళయింది. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. ఫొటోకు దండ వేయమని ఊరంతా చెప్పినా ఆమె వేయనివ్వలేదు.

దాసప్ప సంచిలోంచి, పైన ఆశ్రమం ఫోన్ నంబరున్న ఒక కాగితం తీశాడు. కింది సగం లోపలికి మడిచి, వేలు అడ్డం పెట్టుకున్నాడు.

"పాపా, చదువుకున్నట్లుండావు. ఇది ఇంగ్లీషు. నేను చదువుతా, ఫొటోలో అట్ల ఉండాదో లేదో నువ్వు చెప్పు."

డిగ్రీ చదువుతున్న కూతురు పద్మప్రియ ఫొటో దగ్గరికి వచ్చింది.

"ఫేస్, ఓవల్."

"కోల మొహం. ఔను."

"మొగుని గురించి చెప్పేదానికి ఇంగ్లీషు యాలప్పా? తెలుగులో మొగాలు లేవా?" అంది తిప్పమ్మ.

"పోలీసులకు ఇట్లనే రాసియ్యల్లంటక్కా. ఈ నాలుగు మాటలు నేర్చుకునేదానికి నాకు ఆర్నెల్లు పట్టింది." దాసప్ప మళ్ళీ కూడబలుక్కున్నాడు. "ఫోర్‌హెడ్, బ్రాడ్."

"వెడల్పు నుదురు. ఇదీ సేమ్ అన్నా."

"కాంప్లెక్షన్, డార్క్."

పద్మప్రియ తడబడింది. ఫొటోలో నాయన గోధుమ రంగులో మెరిసిపోతున్నాడు. ఒంటి మీద నల్ల కోటు, వెనక నీలం పరదా, పక్కన గులాబీలు.

"రంగు డిఫరెంట్," అన్నాడు దాసప్ప నీరసంగా.

"అది స్టూడియోవాళ్ళు ఏసిన రంగు," తిప్పమ్మ నోరు జారింది. "ఎండలో ఇటికెలు మోసే మనిషి అంత తెల్లగ యాడుంటాడప్పా? చిన్న ఫొటో ఇస్తే గుంతకల్లులో పెద్దది చేసిచ్చినారు. ఆ కోటు గూడా వాళ్ళదే."

దాసప్ప ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఇంగేమన్నా మార్చినారా? ఏదన్నా గుర్తు చెరిపినారా? బాగా ఆలోచించి చెప్పక్కా."

తిప్పమ్మకు మాట గొంతు దాకా వచ్చింది. ఎద్దు కొమ్ము తగిలి కదిరప్ప ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. చూడటానికి బాగుండదని స్టూడియోవాళ్ళు కుడి చెవినే తిప్పి అటువైపూ అతికించారు.

కానీ పోయినేడు పక్క ఊళ్ళో ఇలాగే ఒకడు వచ్చి గుర్తులన్నీ అడిగి వెళ్ళాడు. నెల తిరగకుండా ఆ గుర్తులతోనే ఒక మొగుడు దిగాడు. పొలం అమ్మకం కాగితాల మీద వేలిముద్ర వేసి డబ్బు తీసుకున్నాక మళ్ళీ కనపడలేదు.

"ముందు నువ్వు చెప్పు. నీ కాగితంలో మనిషి బతికుండాడా?"

"గుర్తు కలిసినాకనే చెప్పల్లక్కా. ఫొటో గూడా అప్పుడే. ముందే చూపిస్తే మావాడేనని ఎవరంటే వాళ్ళు తోలకపోతారు."

"గుర్తు నేను చెప్పల్ల, ఫొటో నువ్వు చూపీవు. బాగుండాదప్పా నీ యవ్వారం!"

పద్మప్రియ నోరు తెరవబోయింది. తల్లి ఆమె చేయి గట్టిగా నొక్కింది.

"ఏమీ మార్చలేదు," అంది తిప్పమ్మ.

దాసప్ప ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి చూశాడు.

"కండ్లు మాత్రం సిమిలర్," అని గొణుక్కున్నాడు. ఆమె వైపు మరొక్కసారి చూసి కాగితం సంచిలో పెట్టుకున్నాడు. "అయితే ఈయన కాదు."

ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు.

"చెవి సంగతి యాల దాచినావమ్మా?" పద్మప్రియ గట్టిగానే అడిగింది.

"నిజమైనోడైతే మళ్ళీ వస్తాడు లే."

రాలేదు.

పన్నెండు రోజులు తిప్పమ్మకు అన్నం సయించలేదు. పదమూడో రోజు పొద్దున ట్రంకుపెట్టె తెరిచి, స్టూడియోవాళ్ళు ముట్టుకోని చిన్న ఫొటో తీసింది.

"ఆ కాగితం మీద నంబరుండె గదా, రాసుకుంటివా?"

"ఎందుకైనా మంచిదని రాసుకున్నా."

"దీన్ని పంపే. చెవి కనపడేట్లు తీసి పంపు."

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. తల్లికీ వినపడేలా పద్మప్రియ స్పీకరు పెట్టింది. ఆశ్రమం చూసుకునే శశి అనే ఆమె మాట్లాడింది.

"లెఫ్ట్ ఇయర్‌లోబ్, టార్న్. కాగితం కింది సగంలో ఉన్నది ఈ చీలిన చెవి ఒక్కటే పాపా. ఈయనే. తన పేరు చెప్పలేకపోయేవాడు. విడపనకల్లు అని ఒక్క మాట అనేవాడు, అంతే."

"ఎట్లుండాడు మా నాయన?"

శశి గొంతు తగ్గించింది.

"మొన్న ఆదివారం జ్వరంతో పోయాడమ్మా. ఎవరూ రాలేదని ఇక్కడే కానిచ్చేశాము. దాసప్పే కొరివి పెట్టాడు."

తిప్పమ్మ చిన్న ఫొటోను కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఎంతసేపటికో కూతురి చేతిలోని ఫోన్ అందుకుంది.

"ఆయప్పకు ఇయ్యమ్మా ఫోను. గుక్కెడు మజ్జిగ గూడా ఇయ్యకుండా తోలితిని. మీ ఉద్యోగస్తుణ్ణి దొంగ అనుకుంటిని."

"దాసప్ప మా దగ్గర ఉద్యోగం చేసే మనిషి కాదక్కా," అంది శశి. "వాళ్ళ అన్నకు దాసప్ప ఫొటో చూపిస్తే మావాడు కాదు పొమ్మన్నాడు, అప్పటినుంచీ దాసప్ప ఇక్కడే, మీ ఆయన పక్క మంచంలోనే ఉండిపోయాడు."