గడ్డివాములో దూరిన బండి

“ఆ దినం స్టీరింగు నా చేతుల ఉంటే కథ వేరే ఉండు సార్. ముప్పయ్యేండ్లు లారీ తోలిన. కోడిపిల్ల అడ్డమొస్తే దాని ఈక గూడ కదలకుండ ఆపేటోణ్ణి. దిగుడుల క్లచ్చుతోని పనేముంది? ఒంటికాలుతోనైనా ఈ ఇమాముకన్న మంచిగ తోల్త.”

గద్వాల వర్క్‌షాపు ముందు చక్రాల కుర్చీలో కూర్చుని దశరథం కోతలు కోస్తున్నాడు. షుగరు జబ్బు అతని ఎడమకాలిని మోకాలి కింది నుంచి తీసుకుపోయింది గానీ నోటి జోలికి రాలేదు. వింటున్నవాడు జగదీశ్. బండి తయారుచేసిన కంపెనీ పంపిన ఇంజనీరు.

కుర్చీ దిగకుండానే ఎక్కగలిగే బండి అది. వెనక తలుపు తీస్తే పలక వాలుతుంది. దాని మీదుగా కుర్చీని లోపలికి తోసి బెల్టులు బిగిస్తారు. ధరూర్ వైపు ఊళ్లకు ఒక సేవాసంస్థ దాన్ని ఇచ్చింది. అది రాకముందు దశరథానికి లోకమంటే తన ఇంటి అరుగే. వచ్చాక ఇమామ్ సాహెబ్ దాని డ్రైవరయ్యాడు, దశరథం దాని విడవని ప్రయాణికుడయ్యాడు.

పది రోజుల కిందట కాలువ దిగుడులో ఆ బండి ఆగలేదు. పక్కనే ఉన్న కృష్ణయ్య అనే రైతు గడ్డివాములోకి దూరింది. డ్రైవరు అజాగ్రత్త అని సంస్థ తేల్చేసిన మరుసటి రోజే పేపర్లో కంపెనీ ప్రకటన పడింది. 2007లో తయారైన ఆ రకం బండ్లకు బ్రేకుల్లో లోపం ఉందట. అన్నింటినీ వెనక్కి పిలిపించి, ఊరికే బాగుచేసి ఇస్తారట. దాంతో బండిని ట్రాక్టరుకు కట్టి ఇక్కడికి లాక్కొచ్చారు.

“ఈ బండికి ఆ లోపం ఉందో లేదో చెప్పండి చాలు,” అంది సంస్థ మేనేజరు కాంతమ్మ. “బ్రేకులు బాగుంటే తప్పు ఇతనిదే. తాళంచెవి ఇక్కడే తీసేసుకుంటాను.”

ఇమామ్ సాహెబ్ తల వెనక కట్టిన కట్టు తడుముకున్నాడు. కూతురు రుక్సార్‌ను ఈ ఏడే నర్సింగులో చేర్పించాడు. ఈ పని పోతే ఆ చదువూ పోతుంది.

“అసలేం జరిగింది?” అన్నాడు జగదీశ్.

“నేను చెప్త,” అన్నాడు దశరథం. “దిగుడు మొదలుగాంగనే బండికి రెక్కలొచ్చినయ్. కాకులు ఎనకబడ్డయ్. నా రుమాలు ఎగిరిపోయి రాయచూర్ల పడ్డది. నేను ఎనక కుర్చీల కూసోని, ‘ఇమామూ, పక్కన గడ్డివాము ఉంది, దాంట్లకు గొట్టు’ అన్న. గొట్టిండు. ఊరోళ్లు గడ్డి పీకి చూసేసరికి మేమిద్దరం కింద కూసోని బీడీ తాగుతున్నం.”

“గడ్డిలో బీడీనా?”

“ముట్టియ్యలే సార్. నోట్ల పెట్టుకున్నం.”

కుర్చీ వెనక నిలబడ్డ భార్య జోగులమ్మ మూతి తిప్పింది. “రుమాలు ఇంట్లనే ఉంది సార్. నేనే ఉతికిన. రొమ్ము నొస్తుందని ఇన్ని దినాలు నాతోని నూనె రాపించుకున్నడు. గదొక్కటే నిజం.”

జగదీశ్ నవ్వి ఇమామ్ వైపు తిరిగాడు. “పెడల్ తొక్కినప్పుడు ఎట్లా అనిపించింది?”

ఇమామ్ సాహెబ్ దశరథాన్ని చూశాడు. తర్వాత నేల చూశాడు. “యాదికి లేదు సార్.”

“విన్నారా?” అంది కాంతమ్మ. “తొక్కితే కదా యాదుండేది.” తాళంచెవి కోసం చెయ్యి చాచింది.

ఇమామ్ జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. దశరథం ముఖంలో ఎగతాళి పోయింది.

“జర ఆగు మేడం. సార్, మొదలు తొక్కితే గట్టిగనే ఉండె. మల్ల తొక్కితే జొన్నపిండి ముద్దల వేలు వెట్టినట్టు మెత్తగ లోపటికి పోయింది. ఆ తర్వాత నేలకు తగిలింది. ఇంక పైకి రాలే.”

జగదీశ్ నవ్వడం మానేశాడు. బండి కింద దూరాడు. వెనక చక్రం ఊడదీయించాడు. లోపలంతా ఆయిలుతో తడిసి ఉంది. పైపు అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది.

“సరిగ్గా ఇదే లోపం మేడం,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. “తొక్కిన కొద్దీ ఆయిల్ కారిపోతుంది. ఆ దిగుడులో ఎంతటి డ్రైవరైనా ఆపలేడు.”

కాంతమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఏమనుకోకు సాహెబ్. సోమవారం నుంచి మామూలుగానే రా.”

“మంచిది మేడం,” అన్నాడు ఇమామ్.

మధ్యాహ్నానికి కొత్త పైపు పడింది. జగదీశ్ బండిని రోడ్డు మీద రెండు చక్కర్లు కొట్టించి తెచ్చి, ఫరవాలేదన్నాడు. దశరథం కుర్చీ ఎక్కింది, బెల్టులు బిగుసుకున్నాయి, పక్క సీట్లో జోగులమ్మ కూర్చుంది. గద్వాల దాటగానే ఇమామ్ సాహెబ్ ఏదో పాట కూనిరాగం తీయసాగాడు. కిటికీ బయట పత్తిచేలు పచ్చగా ఊగుతున్నాయి. జోగులమ్మ మాత్రం చాలాసేపటి నుంచి ఏదో లెక్క తేలనట్టు మొగుణ్ణే చూస్తోంది.

“ఏమయ్యా.”

“ఊఁ.”

“ఎనక కూసున్నోనివి. పెడల్ మెత్తగ పోయిందని నీకెట్ల ఎరుక?”

ముందు సీట్లో కూనిరాగం ఆగిపోయింది.

దశరథం చేల వైపు చూస్తూ మీసం దువ్వుకున్నాడు. “ఇంటికి పోయినంక తిడుదువు తియ్యి.”

“ముందుగాల చెప్పు.”

“కాకులు నిజమే జోగూ. రెక్కలూ నిజమే. ఒక్క ముచ్చట మటుకు నేను కల్పించిన.”

“ఏంది?”

“ఆ కుర్చీల కూసున్నది ఇమామ్.”