డెబ్బై నతలైలు

నూట నలభై రెండు.

ఆ అంకె విని సభలు జరిగే నకమాల్ పాకలో కూర్చున్న ఊరంతా నోరెళ్ళబెట్టింది. నిరుడు రెండొందల పన్నెండు. అంటే డెబ్బై నతలైలు మాయం!

నతలై అంటే మామూలు ఆల్చిప్ప అనుకునేరు. పెద్దదాన్ని కదపాలంటే ఇద్దరు కావాలి. పదకొండేళ్ళ కిందట మా పగడపు దిబ్బ మీద అరవై ఒక్కటే మిగిలితే, భయపడి నమేలే ఆకులు పాతి తబు పెట్టుకున్నాం. ఎవరూ ముట్టకూడదు. ఏటా దుంపలు తవ్వే నెలలో చీఫ్ స్వయంగా నీళ్ళలోకి దిగి కొలుస్తాడు. మూరకర్రకి సరిపోయినవే లెక్క. దానికి తగ్గినవి పిల్లకాయల కింద జమ.

ఆ అంకె కోసం రాజధాని విలా నుంచి రోస్లిన్ అనే ఆవిడ వస్తుంది. దేశానికి అడవెంత ఉంది, చేపెంత ఉంది, నతలై ఎంత ఉంది, ఏటికేడు పెరిగిందా తరిగిందా అని రాసే పుస్తకం ఆవిడది. అందులో మా ఊరి అంకె ఎప్పుడూ పైకే. పక్క దీవుల వాళ్ళ ముందు మేం ఎంత నిక్కామని!

ఈ పదకొండేళ్ళూ దిబ్బకి కాపలా తరిపోవా.

"కంచే చేను మేసిందన్నమాట!" అన్నారు వెనక నుంచి ఎవరో.

తరిపోవా లేచాడు. అరవై దాటిన మనిషి. "మళ్ళీ కొలవండి" అన్నాడు.

మర్నాడు మళ్ళీ కొలిచాడు కల్‌మెట్. మళ్ళీ నూట నలభై రెండే.

కల్‌మెట్ చీఫ్ అయి రెండు నెలలు. వాళ్ళ నాన్న పోతే ఆ పీట ఎక్కాడు. తరిపోవా ఆ పోయినాయనకి స్వయానా తమ్ముడు. కల్‌మెట్‌కి ఈత నేర్పింది, ఊపిరి బిగబట్టి దిబ్బ అడుగుకి దిగడం నేర్పింది ఆయనే. అందుకే కల్‌మెట్ ఆ రోజు నకమాల్ గుమ్మంలో వంగి లోపలికొచ్చాక, చాలాసేపు తల ఎత్తలేదు.

"అన్నీ ఉన్నాయిరా, కల్‌మెట్! ఒక్కోదాన్నీ మొహం చూసి గుర్తుపడతాను నేను. ఒక్కటంటే ఒక్కటి పోలేదు" అన్నాడు తరిపోవా.

"ఉంటే కర్రకెందుకు అందటం లేదు, చిన్నాన్నా?"



"పెద్ద చీఫ్ పోయాడని బెంగతో చిక్కిపోయాయేమోలే!" అని ఒకడు. అందరం గొల్లుమన్నాం. నవ్వామే గానీ కడుపు మండిపోతోంది. పిల్లలకి జ్వరమొచ్చి పులుసు అడిగినా ఆ దిబ్బ వంక చూడలేదు మేం. ఎవరి కోసం దాచాం? ఈయన కోసమా?

దిబ్బంతా గాలించాం. ఒక్క ఖాళీ చిప్ప కూడా దొరకలేదు. చిప్పలు సైతం అమ్ముకున్నాడంటే ఎంత ఆరితేరాడో చూడండి! ఇంటికి కొత్త రేకులు వేయించినప్పుడే అడగాల్సింది. కావా వేర్లు అమ్మానన్నాడు. కాబోలు అనుకున్నాం, వెర్రిబాగులవాళ్ళం.

ఆయన భార్య లేసాలే ఊరందరి మధ్యా నిలబడింది. "నతలై మీద పొరపాటున కాలు పడితే దానికి క్షమాపణ చెప్పే మనిషయ్యా ఈయన! ఈయన దొంగా?"

"దొంగలకి మర్యాద ఎక్కువే వదినా" అన్నారు ఎవరో.

తీర్పు చెప్పాడు కల్‌మెట్. మూడు కోరపందులు, పది చాపలు జరిమానా. ఆపైన, బతికున్నన్నాళ్ళూ సముద్రంలో కాలు పెట్టకూడదు.

పందులకీ చాపలకీ తరిపోవా తల ఊపాడు. సముద్రం మాట వినగానే మాత్రం గుంజ పట్టుకున్నాడు. పొద్దున్నే లేచి మొహం కడుక్కోవడం కూడా ఆ నీళ్ళలోనే మరి.

"వాళ్ళ సంగతి సరే. నువ్వు కూడా నమ్ముతున్నావుట్రా?" అన్నాడు.

కల్‌మెట్ చేతిలో కర్ర ఎత్తి చూపించాడు. "నేను అనడం లేదు చిన్నాన్నా. కర్ర అంటోంది."

రోస్లిన్ నూట నలభై రెండు అని రాసుకుని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి మా అంకె కిందికి దిగింది.

శనివారం సరుకుల ఓడ వచ్చింది. మొగుడూ పెళ్ళాం సాంతో దీవి కొండల్లోకి, సముద్రం కనపడని ఊరికి బయల్దేరారు. ఓడ దగ్గరికి చేర్చే పడవ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. తరిపోవా ఇసుక అంచున ఆగిపోయాడు. కాలు పెట్టకూడదు కదా.

ఎవరైనా ఎత్తుకుంటారేమోనని చూశాడు. మేం కదల్లేదు. చివరికి లేసాలే వంగితే, ఆవిడ వీపు మీద ఎక్కి పడవ చేరాడు.

"అబ్బ, ఏం నాటకం!" అనుకున్నాం. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం!" అని కల్‌మెట్ ముందే తిట్టాం. అతను అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత నెలకి పెద్ద చీఫ్ పోయి వందో రోజు వచ్చింది. పందిని కోశాం, లాప్‌లాప్ వండాం. మా దగ్గర చీఫ్ పోతే ఆయన మూరకర్రని చాపలో చుట్టేస్తారు, వందో రోజుదాకా విప్పకూడదు. కొత్త చీఫ్ మోచేతి నుంచి నడివేలి కొస దాకా కొలిచి కొత్త కర్ర కోస్తారు, ఇక కొలతలన్నీ దాంతోనే. వందో రోజున పాతదీ కొత్తదీ జతగా నకమాల్ స్తంభానికి కట్టి దణ్ణం పెట్టుకోవాలి.

కల్‌మెట్ చాప విప్పి, తండ్రి కర్రని తన కర్ర పక్కన నిలబెట్టాడు. తండ్రిది నాలుగు వేళ్ళు పొట్టి.