మూడో అంతస్తు బరువు

“సాయంత్రం అయిదు లోపు పరిహారం కాగితం రాకపోతే రేపటి ఆపరేషన్ లేనట్టే. ఇంకో వారం ఆగితే ఆ ఎడమ కాలు మాట వినడం మానేస్తుంది” అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు.

అప్పటికే నాలుగుంబావు.

మంచం మీద వెల్లకిలా పడి ఉన్న మనిషిని గోదాంలో అందరూ ‘క్రేను’ అంటారు. ఇరవై ఏళ్లు బస్తాలు మోసిన నడుం ఇప్పుడు పక్కకు ఒత్తిగిలడానికి కూడా ఒప్పుకోవడం లేదు.

“ఇది పాత నొప్పి మేడమ్!” గోదాం మేనేజరు ఫైలు తెరిచి పరిహార అధికారిణి ముందు పెట్టాడు. “ఉద్యోగంలో చేరినప్పుడే డిస్కు జారి ఉందని రాశారు. ఆ పాత జబ్బుకి మేమెందుకు కోయించాలి?”

“పాతదైతే ఏం? పనిలో ముదిరితే ఆపరేషన్ ఖర్చు మీదే” అంది అధికారిణి. “పనిలోనే ముదిరిందని తేలాలి, అంతే.”

“ఇంట్లో ముదిరింది. శుక్రవారం నడుం పట్టేసిందంటున్నాడు, ఆ వారమే ఇల్లు మారారు. ఇనప బీరువా ఎత్తి ఉంటాడు.”

క్రేను భార్య కొంగు బిగించింది. “బీరువా మోసింది నేనూ మా తమ్ముడూనండీ. ఈయనగారు దిండు చంకలో పెట్టుకుని, దారి చూపిస్తూ ముందు నడిచారు!”

అధికారిణి నవ్వు ఆపుకుని మంచం వైపు తిరిగింది. “నువ్వు చెప్పవయ్యా. శుక్రవారం ఏం ఎత్తావు?”

క్రేను ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. “ఒక బరువండీ.”

“ఎక్కణ్ణుంచి?”

“మూడో అంతస్తు నుంచి కిందికండీ. లిఫ్టు చెడిపోయింది.”

“ఎన్ని కిలోలు?”

“తొంభై పైమాటేనండీ. సగం మెట్ల దగ్గర నడుం కలుక్కుమంది. అక్కడ దించేద్దామంటే, దించే సరుకు కాదు.”

“చూసినవాళ్లున్నారా?”

“భోజనాల వేళండీ. అందరూ క్యాంటీన్లో ఉన్నారు.”

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. “దొరికిపోయాడు! శుక్రవారం రిజిస్టరులో ఒక్క బస్తా కదల్లేదు మేడమ్. పైగా మూడో అంతస్తులో నా గది తప్ప ఏం లేదు. టేబులు, కుర్చీ, ఫైళ్ల అల్మరా. పొద్దున కూడా చూశాను, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి!”

“ఆ వేళకి మీరు గదిలో ఉన్నారా?”

“ఉన్నాను. షుగరు పడిపోయి కళ్లు తిరిగాయి. అయినా గోడ పట్టుకుని, నా కాళ్ల మీద నేనే దిగొచ్చి కింద ఫస్ట్ ఎయిడ్ గదిలో పడుకున్నాను. ఆ ధైర్యం గురించి మా గోదాంలో ఎవర్నడిగినా చెబుతారు.”

“వాళ్లకెలా తెలుసు?”

“నేనే చెప్పాను కదండీ!”

క్రేను ఫ్యాను మీంచి చూపు తిప్పలేదు.

“ఏమయ్యా” అంది భార్య. “కాలు పోయేట్టుంది. ఇంకా ఎవర్ని వెనకేసుకొస్తావు?”

“అదీ సంగతి!” మేనేజరు చిటికె వేశాడు. “ఎవరిదో దొంగ సరుకు దింపాడన్నమాట. రాసుకోండి మేడమ్. వీడి నడుం విరగ్గొట్టిన ఆ మహానుభావుడెవరో తేలితే, ఎంతటివాడైనా సరే, ఈ పరిహారం కాగితం మీద నేనే సంతకం పెట్టి, వాడి సంగతి చూస్తాను!”

అధికారిణి అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, ఆ రాసిన కాగితాన్ని అతని ముందుకు జరిపింది. మేనేజరు ఊపు మీద అక్కడే సంతకం గీకేశాడు.

“ఇప్పుడు చెప్పరా! ఆ రోజు భుజాన వేసుకుని ఏం దింపావు?”

క్రేను మొదటిసారి తల తిప్పి, రెండు చేతులూ జోడించాడు.

“తమర్నే సార్.”