నాచు తగలని ముల్లు

“ఆరు నెలలుగా నా గాలం ఒక్కసారి కూడా నాచులో చిక్కుకోలేదు,” అంటూ రిటైరైన హెడ్మాస్టరు గాలాల దుకాణం బల్ల మీద ఎరగా వాడే తన రబ్బరు చేపను సగర్వంగా ఉంచారు. నాచు తగలకుండా గాలపు ముల్లు మొన దాని లావుపాటి ఒంట్లో పూర్తిగా దాగి ఉంది.

“చేప కూడా చిక్కుకోలేదు,” అంది ఆయన భార్య. “ఈ ఆదివారం కూడా ఖాళీ సంచితో వస్తే ఆ గాలపు కర్ర మా తమ్ముడికిచ్చేస్తా.”

“వాడా! వారానికి నాలుగు ముళ్లు నాచుకు సమర్పించుకుంటాడు. శ్రద్ధ లేని మనిషి.”

“అయినా చేపలు తెస్తాడుగా!”

దుకాణం నడిపే అమ్మాయి నవ్వాపుకుంటూ ఆ రబ్బరు చేపను రెండు వేళ్లతో గట్టిగా నొక్కింది.

“జాగ్రత్తమ్మా, గుచ్చుకుంటుంది!”

“గుచ్చుకోవాలి మాస్టారూ. చేప కొరికితే రబ్బరు అణిగి మొన బయటికి రావాలి. మీ ముల్లుకు వంపు చిన్నది, రబ్బరు అణగడానికి చోటే లేదు. పాపం, చేపలు ఊరికే నమిలి పోతున్నాయి.” వంపు పెద్దగా ఉన్న ముల్లుకు మరో రబ్బరు చేపను తొడిగి ఆయన ముందుకు జరిపింది. “ఇది నొక్కి చూడండి. మెల్లగా.”

“నాకు చెప్పాలా?” అని ఆయన బలంగా నొక్కారు. మరుక్షణం ముప్పై ఏళ్ల క్రమశిక్షణకు ఏమాత్రం తగని కేక ఒకటి వెలువడింది.

భార్య ఆయన వేలికి రుమాలు చుట్టింది. “ఇవే అరడజను ఇవ్వమ్మా. ఆర్నెల్లకు గాలానికి ఏదో ఒకటి పడింది.”

మాస్టారు రుమాలు చుట్టిన వేలితోనే కొత్త ముల్లును దగ్గరికి లాక్కున్నారు.

“డజను ఇవ్వమ్మా,” అన్నారు మెల్లగా. “నాచుకు కూడా కొన్ని పోతాయి.”