అడ్డం వచ్చే ముసలమ్మ

"ఏయ్ ముసలమ్మా! చావడానికి నా బండే దొరికిందా?"

అంబులెన్సు డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

ముసలమ్మ పక్కకి జరగలేదు. చేతిలో ఖాళీ నీళ్ల డబ్బాతో నడిరోడ్డున, సైరన్ వినపడనట్టే, నత్తలా నడుస్తోంది. మార్కెట్ వీధి చివరికి వచ్చాక గానీ దారి ఇవ్వలేదు.

"రోజూ ఇదే వరస! సైరన్ వినిపిస్తే చాలు, ఎక్కడినుంచో ఊడిపడుతుంది," అన్నాడు డ్రైవరు.

ఆ వీధికి ఎదురుగా వాటర్ ట్యాంకు. దాని మీద తుపాకీతో ఒకడు మకాం పెట్టాడు. ఎవడో ఎవరికీ తెలీదు. కుక్క కదిలినా కాలుస్తాడు. యుద్ధంలో వంతెన కూలిపోయాక ఆస్పత్రికి వేరే దారి లేదు. ముందు తిరిగిన అంబులెన్సులు రెండూ ఈ వీధిలోనే తగలబడ్డాయి. ఇతని బండికి మాత్రం గీత కూడా పడలేదు.

"నాది గట్టి పిండం," అనేవాడు మీసం దువ్వుకుంటూ.

"మరి ముసలమ్మని కాల్చడేం?" అంది నర్సు.

"గుండు దండగ అనుకునుంటాడు."

"పాపం అన్నా, ఎండలో నడుస్తోంది. బండెక్కించుకుందాం."

"పాపమా? ఆ సరుకు నా దగ్గర ఎప్పుడో అయిపోయింది సిస్టరూ. రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు?"

మొదట్లో అతను ఇలా ఉండేవాడు కాదు. బండెక్కిన ప్రతి మనిషికీ ధైర్యం చెప్పేవాడు. పోయినవాళ్ల కళ్లు తనే మూసి, ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని ఏడ్చేవాడు. ఇప్పుడు ఒక చేత్తో బన్ను తింటూ, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని బండిలో నెత్తురు కడుగుతాడు. వెనక్కి తిరిగి మొహాలు చూడడం మానేశాడు. చూస్తే బండి నడపలేడు మరి.

నర్సే ఒకసారి కిటికీలోంచి అడిగింది.

"పెద్దమ్మా, నీకెవరూ లేరా?"

"ఉన్నాడమ్మా, ఒక్క కొడుకు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా?" అని నవ్వేసి నడిచింది ముసలమ్మ.

ఆరోజు బడి మీద బాంబు పడింది.

బండిలో ఒక పాప. తొడ చీలిపోయింది. నర్సు రెండు చేతులతో అదిమిపట్టినా వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారిపోతోంది.

"త్వరగా అన్నా! ఇంకాస్త ఆలస్యమైతే పాప దక్కదు!"

మార్కెట్ వీధి మొదట్లోనే ముసలమ్మ. అదే డబ్బా, అదే నడక.

డ్రైవరుకి తిక్క రేగింది. బండి దిగి, ఆమె రెక్క పట్టుకుని లాక్కెళ్లి, మూసేసిన కొట్టు మెట్ల మీద కుదేశాడు. డబ్బా దొర్లిపోయింది.

"నాయనా, నీకు దణ్ణం పెడతా, నన్ను ముందు నడవనీ..."

"నీ నడక అయ్యేసరికి లోపల పిల్ల చస్తుంది! కదిలావంటే నీ మీంచే పోనిస్తా!"

బండి వీధిలోకి దూకింది.

ఫెళ్లుమని అద్దం పగిలింది. గాజు పెంకులు అతని చెంపలో దిగాయి. టైరు పేలి బండి ఆగిపోయింది. మరో గుండు రేకుని చీల్చుకుని పాప తల పక్కనుంచి పోయింది. నర్సు కెవ్వుమంది.

అప్పుడు పరుగెత్తుకొచ్చింది ముసలమ్మ. నడవడమే కష్టమన్నట్టుండే మనిషి, రెండు చేతులూ బార్లా చాపి బండికి అడ్డంగా నిలబడింది.

ఆమె నిలబడడం, గుండు రావడం ఒక్కసారే అయ్యాయి.

రొమ్ములోంచి నెత్తురు చిమ్మి బండి మీద పడింది. ఆమె వెనక్కి, బానెట్ మీదికి ఒరిగింది. పగిలిన అద్దంలోంచి ఆమె మొహం అతని మొహానికి ఎదురుగా వచ్చింది. ఎన్నాళ్లకో అతనొక మనిషి మొహం చూశాడు.

"అయ్యో, ఎంత పని చేశాను!"

తుపాకీ సంగతే మర్చిపోయి దిగాడు. ఆమెని రెండు చేతులా ఎత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"కళ్లు మూయకు తల్లీ! ఆస్పత్రికి తీసుకెళ్తా. నా బండిలోనే తీసుకెళ్తా!"

"పాపని తీసుకెళ్లు నాయనా... ఇంక కాల్చడు."

నిజంగానే ఇంకో గుండు రాలేదు. పేలిన టైరుతోనే, రోడ్డుకి రాసుకుంటూ బండి ఆస్పత్రి చేరింది.

"పాప బతుకుతుంది," అన్నాడు డాక్టరు.

ముసలమ్మ దారిలోనే పోయింది. డ్రైవరు ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరు అడిగినా ఇవ్వలేదు.

"ఈమెకి ఒక కొడుకున్నాడట. వాడికి కబురెలా చెయ్యాలి సిస్టరూ?" అంటూనే ఉన్నాడు.

ఇంతలో గేటు తోసుకుని, చెప్పులు కూడా లేకుండా, గడ్డం పెరిగిన మనిషొకడు రొప్పుతూ వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"నువ్వు ముందు నడుస్తున్నంతసేపు ఆ బండిని కాల్చనని ఒట్టేశాను కదమ్మా... ఇవాళ ఎందుకు పక్కకి తప్పుకున్నావు?"