జంట సంఘం ఇచ్చిన గంట

కదిరి విద్యుత్ ఉద్యోగుల సంఘానికీ, చిలీ దేశంలో ఒక చలి ఊరి సంఘానికీ జంట కుదిరి మూడేళ్లయింది. ఒకరింట్లో ఆపద వస్తే, అవతలి ఊళ్లో వాళ్ల జంటమనిషి రోజూ గంట కరెంటు వదులుకుని వీళ్లకు ఇవ్వాలి. సోలార్ పలకలు కడిగే కుళ్ళాయమ్మకు మారిసోల్ జంట.

మే ఎండకు తాళలేక, కూలర్ ఇంకాసేపు తిరుగుతుందని, కుళ్ళాయమ్మ సోమవారం తన పాపకు జ్వరమని సంఘానికి రాసేసింది. అప్పటినుంచి ఇల్లు చల్లగా ఉంది.

గురువారం సాయంత్రం వీడియో కాల్‌లో, తెరమీద మారిసోల్ కనబడింది. ఇంట్లోనే ఉన్నిటోపీ, రెండు దుప్పట్లు. ఆమె మాటల్ని అనువాద యంత్రం కదిరి యాసలో పలికింది.

"బిడ్డకు జొరం తగ్గిందా అక్కా?"

పాప కేరింతలు కొడుతూ వచ్చి తెరను తట్టింది.

"అబ్బ, ఎట్ల తిరుగుతాందో సూడండి! రాండి, అందరూ రాండి!" మారిసోల్ వెనక్కి తిరిగి పిలిచింది.

దుప్పట్లు కప్పుకున్న పదిమంది తెరలోకి తొంగిచూశారు.

"నా గంట ఒకటే యాడ చాలుతాదని, ఈళ్లంతా తలా గంట ఇచ్చినారక్కా."

అందరూ పాపకు చప్పట్లు కొట్టారు. కుళ్ళాయమ్మ తలెత్తలేకపోయింది. పాపను ఒళ్లోకి లాక్కుని, "పాపకు జొరం రాలేదమ్మా. ఉక్క ఓర్చుకోలేక అబద్దం చెప్పినా" అంది.

ఆ మాటను యంత్రం వాళ్ల భాషలోకి మార్చి వినిపించేదాకా వాళ్లు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.