బాబాయ్ గొంతు పెట్టె

పెద్ద ఉప్పెన దేశాన్నంతా ఏడిపించి పోయాక, సర్కారు ప్రతి ఇంటికీ తుఫానొస్తే అరిచి హెచ్చరించే మాట్లాడే పెట్టె ఇచ్చింది. సొంతమనిషి గొంతైతేనే జనం కదులుతారట. మా అన్న కూతురు నాంచారి, నవ్వొస్తుందని నా గొంతు పెట్టించుకుంది.

నాకది చాలదూ! పెట్టె చాటున నక్కి, "నాంచారీ, ఉప్పెనొత్తంది, షెల్టర్‌కి పరిగెత్తు!" అని ఎన్నిసార్లు అరిచానో. అది పులుసు గరిటెతోనే వీధిలోకి పరిగెత్తేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

మొన్న కార్తీకంలో నేను బందరులో వలలు కొంటుంటే ఉప్పెన నిజంగానే వచ్చింది. ఊరంతా షెల్టర్ చేరింది, నాంచారి తప్ప.

ఇవాళ కొత్త పెట్టె బిగించడానికి వచ్చినతను, బురదలో దొరికిన పాతది నా చేతికిచ్చాడు. చివరి మాటలు దాంట్లో ఉంటాయట. నొక్కితే ముందు నా అరుపు, తర్వాత నాంచారి నవ్వు.

"ఊరుకో బాబాయ్! ఈసారి నేను మోసపోనులే. పులుసు దించనీ, నీకూ గిన్నెలో పెడతా."

"కొత్తదాంట్లో ఎవరి గొంతు పెట్టమంటారండీ?" అన్నాడతను.

"మా నాంచారిది."

"ఇందులో నవ్వూ, పులుసు మాటా తప్ప ఏం లేదండీ. జనం కదలాలి కదా?"

"అదే పెట్టు బాబూ. అది వినపడితే చాలు, నేను పరిగెడతాను."